గంట దూలం

మంగళవారం ఉదయం పదిన్నరకి వినోద్ కుమార్ మనీషా వాళ్ల డాబా మీద నిలబడి, ఇక్కడ సిగ్నల్ లేదని చెప్పాడు.

అతను ఇంటర్నెట్ కంపెనీ తరఫున రేపల్లె నుంచి వచ్చాడు. బండి వెనక ఒక అట్టపెట్టె, కేబుల్ చుట్ట, మనిషెత్తు ఇనప పైపు కట్టుకొచ్చాడు. డాబా ఎక్కి, సెల్‌ఫోను ఎత్తి పట్టుకుని నాలుగు మూలలకీ తిరిగాడు. తూర్పు మూల దగ్గర కాసేపు ఆగాడు. తర్వాత ఫోను దించి పడమటి వైపు చూపించాడు. అటు ఐస్ ఫ్యాక్టరీ రేకుల షెడ్డు ఉంది.

"టవరు దాని వెనకుందండి. రేకు కదా, అడ్డం పడతంది," అన్నాడు.

"సెల్లులో మాట్లాడుకుంటున్నాంగా?" అంది మనీషా.

"మాట్లాడుకోడానికి సరిపోద్దండి. మీకు ఆస్పత్రి ఫోను కదా కావాలి. రోజంతా తెగకూడదన్నారు. దానికి ఈ షెడ్డు దాటి పైకెళ్లాలి."

మనీషా తెనాలిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేస్తోంది. ఏ డాక్టరు ఎప్పుడుంటాడో చెప్పడం, పేరు రాసుకుని టైము ఇవ్వడం ఆ పని. వచ్చే నెల నుంచి ఆస్పత్రి వాళ్లు అక్కడి ఫోన్ల గది తీసేస్తున్నారు. ఫోన్లు ఎవరింటి దగ్గర నుంచి వాళ్లు ఎత్తాలి. దానికోసం ఇంట్లో ఒక పెట్టె పెడతారు. వైఫై అందులోంచే, టెలిఫోనూ అందులోంచే. ఈ వారం పరీక్ష. లైను నిలిస్తే ఉద్యోగం ఉంటుంది. మేనేజరు జయకృష్ణ ఆ మాట మర్యాదగానే చెప్పాడు. "బాపట్లలో ఒకమ్మాయి అడుగుతోందమ్మా. వాళ్లింట్లో లైను ఇప్పటికే ఉంది," అని కూడా చెప్పాడు.

మనీషా డాబా అంచు దాకా వెళ్లి షెడ్డు వైపు చూసింది. షెడ్డు పక్కన రంగనాయకులుగారి మేడ ఉంది. ఐస్ ఫ్యాక్టరీ ఆయనదే.

"ఆ మేడ మీదైతే?" అంది.

"అక్కడైతే బ్రహ్మాండం," అన్నాడు వినోద్.

ముగ్గురు వెళ్లారు, మనీషా, వినోద్, మనీషా అత్తగారు కమలమ్మ. కమలమ్మని ఎవరూ రమ్మనలేదు. చెప్పులేసుకుని వెనకాలే వచ్చింది.

రంగనాయకులు వరండాలో పేపరు చదువుతున్నాడు. విషయం విని వెంటనే ఒప్పుకున్నాడు. కూర్చోమని కుర్చీలు చూపించాడు. మనీషా, వినోద్ కూర్చున్నారు. కమలమ్మ మెట్టు దగ్గరే నిలబడింది. ఆయన కోడలు చంద్రకళ కాఫీ తెచ్చింది. ఆయనది స్టీలు గ్లాసు. మిగతా మూడూ పేపరు కప్పులు.

"మేడ మీద పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు రంగనాయకులు. "కాకపోతే ఆ వైరు మీ పేట దాకా లాక్కెళ్లాలంటే మధ్యలో రోడ్డుంది, లారీలు తిరుగుతాయి. పెట్టె ఇక్కడే మా హాల్లో పెడదాం. కరెంటు పోతే మాకు జనరేటరుంది. అమ్మాయి పొద్దున్నే వచ్చి ఈ వరండాలో కూర్చుని చేసుకుంటుంది. బల్ల వేయిస్తాను."

"మంచి మాటేనండి," అన్నాడు వినోద్.

మనీషా కమలమ్మ వైపు చూసింది. కమలమ్మ వరండా కిటికీ వైపు చూస్తోంది. కాఫీ తాగలేదు. కప్పు మెట్టు మీద పెట్టింది.

"ఏం కమలమ్మా, మాట్లాడవు? ఈ కిటికీ గుర్తుందా నీకు? ఫోనొచ్చిందని కబురు చేస్తే పరిగెత్తుకుంటా వచ్చేదానివి," అన్నాడు రంగనాయకులు నవ్వుతూ.

"గుర్తులేకేమండి," అంది కమలమ్మ. "వెళ్లొస్తామండి."

రోడ్డు దాటాక ఆమె మనీషాతో ఒకే మాట అంది. "ఆ కిటికీలోంచి ఫోను అందిస్తే బయట నిలబడి మాట్లాడింది నేను. మళ్లీ నువ్వొద్దు అమ్మాయ్."

"నేను కుర్చీలో కూర్చుంటానుగా అత్తయ్యా."

"వరండాలో," అంది కమలమ్మ.

*

లూథర్‌పేటలో షెడ్డుని మించి ఎత్తున్నది ఇంకొకటే, చర్చి గుడి గంట స్తంభం. గుడి వెనక గోడకి ఆనుకునే మనీషా వాళ్ల ఇల్లు. ఆ మధ్యాహ్నం పాస్టరు బర్నబాస్ అయ్యగారు సంఘ పెద్దల్ని పిలిపించారు. గుడి మెట్ల మీద కూర్చుని మాట్లాడుకున్నారు. ఎక్కువసేపు పట్టేది కాదు, ఎబినేజర్ మాస్టారు లేకపోతే.

ఎబినేజర్ ఎలిమెంటరీ స్కూల్లో పనిచేస్తాడు. స్కూలు నుంచి తిన్నగా వచ్చాడు. చొక్కా జేబు అంచున సుద్దపొడి ఉంది.

"గంట దగ్గర కంపెనీ డబ్బా ఏంటండి అయ్యగారూ? రేపు ఇంకొకాయన వచ్చి ఫ్లెక్సీ కడతానంటాడు," అన్నాడు.

"మన పిల్ల ఉద్యోగం మాస్టారూ," అన్నారు అయ్యగారు.

"ఉద్యోగం కాదనట్లేదండి. ఆ స్తంభం సున్నపు గోడ. మా తాతల నాటిది. ఒక్క మేకు కొట్టినా పెచ్చులూడుద్ది. వానొస్తే ఆ బొక్కలోంచి నీళ్లు దిగుతాయి. గోడకి మేకు కొట్టడానికి వీల్లేదు."

"మేకు లేకుండా ఎట్టా మాస్టారూ? జిగురుతో అంటిస్తారా?" అన్నాడు బెన్నీ. అతను మనీషా భర్త. అడవులదీవి వైపు రొయ్యల చెరువుల మీద పనిచేస్తాడు. ఆ పూట సెలవు పెట్టాడు.

"అది నీకు తెలియాలి. నేను చెప్పాల్సింది చెప్పాను."

వినోద్ అప్పటికే నిచ్చెన ఎక్కి చూసొచ్చాడు. స్తంభం పైన నాలుగు వైపులా తెరిచిన గది ఉంది. అందులో అడ్డంగా ఇనప దూలం, దూలానికి గంట. దూలం రెండు చివర్లూ గోడ దాటి జానెడు బయటికి వచ్చి ఉన్నాయి.

"గోడ ముట్టుకోనండి. దూలం చివర క్లాంపు వేసి పైపు బిగిస్తా," అన్నాడు.

ఎబినేజర్ కాసేపు ఆలోచించి తలూపాడు. తాడు దగ్గర నిలబడ్డ మార్కు కూడా తలూపాడు. మార్కు గుడి గంట కొట్టే ముసలాయన. గంట ఎప్పుడెప్పుడు మోగుతుందని వినోద్ అడగలేదు. చెప్పాలని వాళ్లకీ తట్టలేదు. రోజూ మోగేదే కదా.

వినోద్ మళ్లీ ఎక్కాడు. పైపుని దూలం చివర నిలబెట్టి రెండు క్లాంపులు వేశాడు. స్పానరు తిప్పేటప్పుడు తుప్పు రాలి కింద బెన్నీ కళ్లల్లో పడింది. పైపు కొసకి తెల్లటి పలక లాంటి పెట్టె తగిలించాడు. సెల్‌ఫోను చూసుకుంటూ దాని ముఖం కొంచెం కొంచెంగా తిప్పి, ఒకచోట ఆపి బోల్టు బిగించాడు. కేబుల్ని స్తంభం మూలనుంచి దించి, గోడ దాటించి, మనీషా వాళ్ల ముందుగది కిటికీలోంచి లోపలికి తీశాడు.

లోపల పెట్టాల్సిన పెట్టెని కమలమ్మ బీరువాలో పెట్టమంది.

"బీరువాలో పెడితే సిగ్నల్ బయటికి రాదు మామ్మగారూ," అన్నాడు వినోద్.

"దుమ్ము పడిద్దిగా?"

"పడనీయండి."

కిటికీ పక్కన బల్ల మీద పెట్టాడు. దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. ఎర్రగా ఉన్న దీపం కాసేపు మిణుకుమని ఆకుపచ్చకి మారింది. పెట్టె వెనక సాకెట్టులో టెలిఫోను వైరు దోపాడు. "పచ్చగా ఉన్నంతసేపూ లైను ఉన్నట్టు. ఎర్రబడితే పోయినట్టు. వైఫైకి పేరేం పెట్టమంటారు?" అన్నాడు.

"పేరు కూడా పెట్టాలా?" అంది కమలమ్మ. "అయితే నా పేరే పెట్టు. రోజంతా ఇంట్లో ఉండేది నేనే."

వినోద్ అలాగే పెట్టాడు. తర్వాత సెల్‌ఫోనులోంచి ఆ నంబరు కొట్టాడు. బల్ల మీద ఫోను మోగింది. మనీషా కదలలేదు. కమలమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుని రిసీవరు ఎత్తింది. "వందనాలండి," అంది. ఎదురుగా కూర్చున్న వినోద్ సెల్లులోంచి "వందనాలండి" అన్నాడు. కమలమ్మ రిసీవరు వెంటనే పెట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చున్నాక, "ఇంకేంటి విశేషాలు?" అంది.

అతను వెళ్లాక ఆమె బీరువాలోంచి తను అల్లిన తెల్లటి లేసు గుడ్డ తీసింది. పెట్టె మీద కప్పబోతే మనీషా వద్దంది. టెలిఫోను మీద కప్పింది.

*

బుధవారం సాయంత్రం ఆరింటికి, పొన్నూరు నుంచి ఒకావిడ తన తల్లి మోకాళ్ల నొప్పి గురించి చెబుతుండగా ఫోను తెగింది. దీపం ఎర్రబడింది. కాసేపటికి మళ్లీ పచ్చబడింది. మనీషా ఆవిడకి తనే ఫోను చేసి క్షమించమని చెప్పి టైము ఇచ్చింది. ఏడింటికి డ్యూటీ అయ్యాక జయకృష్ణ ఫోను చేశాడు.

"ఒకటి తెగిందమ్మా."

"కొత్త లైను కదా సార్. సర్దుకుంటుంది."

"సర్దుకోవాలమ్మా."

గురువారం మళ్లీ ఆ వేళకే తెగింది. ఈసారి దీపం పచ్చబడలేదు. మనీషా పెట్టె స్విచ్చి ఆపి వేసింది. వైర్లు తీసి పెట్టింది. కమలమ్మ లేసు గుడ్డ టెలిఫోను మీద నుంచి తీసి మడిచి బీరువాలో పెట్టేసింది. "దీనివల్ల కాదు కదా?" అని రెండుసార్లు అడిగింది. డ్యూటీలో మిగిలిన టైమంతా మనీషా మాట రాని ఫోను ముందు కూర్చుంది.

జయకృష్ణ ఈసారి సెల్లుకి చేశాడు. "మనీషా, నీ మీద నాకు కోపం లేదమ్మా. తెనాలిలో నీకంటే బాగా మాట్లాడే మనిషి లేరు. కానీ రోగులు లైన్లో ఉండిపోతున్నారు. శనివారం లోపల ఇంకొక్కటి తెగినా ఆ సీటు బాపట్ల అమ్మాయికి ఇవ్వమంటున్నారు పైవాళ్లు. నేను చేయగలిగింది లేదు."

"సరే సార్," అంది.

శుక్రవారం పొద్దున్నే వినోద్ వచ్చాడు. స్తంభం ఎక్కి, పైనుంచే అరిచాడు. "దీన్నెవరో తిప్పారండి! ముఖం సముద్రం వైపుంది!"

కింద బెన్నీ తల ఎత్తి చూశాడు. "ఎవరో ఏంటి," అన్నాడు. "నాకు తెలుసు ఎవరో."

"బెన్నీ," అంది కమలమ్మ.

"ఇంకెవరికమ్మా అంత అవసరం? మేకు వద్దన్నాడు, అది కుదిరింది. డబ్బా వద్దన్నాడు, అది కుదరలేదు. తాళం చెవి ఎవరి దగ్గరుంది?"

నిచ్చెనా, తాడూ ఉండేది గంట స్తంభం కింది ఊచల తలుపు లోపల. ఆ తాళం చెవులు రెండు. ఒకటి మార్కు దగ్గర, ఒకటి ఎబినేజర్ దగ్గర ఉంటాయి. బెన్నీ తిన్నగా టీ కొట్టు వైపు వెళ్లాడు. స్కూలుకి వెళ్లే ముందు మాస్టారు అక్కడ ఆగుతాడు.

ఏం జరిగిందో మనీషాకి కొట్టువాళ్ల ద్వారా తెలిసింది. నలుగురిలో బెన్నీ, "రాత్రి పూట నిచ్చెనలెక్కే వయసా మాస్టారూ మీది?" అన్నాడట. మాస్టారు టీ గ్లాసు సగంలో పెట్టేసి వెళ్లిపోయాడట.

వినోద్ పలక ముఖం మళ్లీ టవరు వైపు తిప్పి, బోల్టులు బలంగా బిగించి దిగాడు. "సాయంత్రం ఎవరెక్కుతారో కాస్త కనిపెట్టండి మేడమ్," అన్నాడు.

పదకొండింటికి మనీషా డ్యూటీలో కూర్చుంది. ఆ రోజు బల్లని కిటికీ వైపు తిప్పుకుంది. కిటికీలోంచి గోడ, గోడ మీదుగా గంట స్తంభం, దూలం చివర నిలబడ్డ పైపు కనిపిస్తున్నాయి. హెడ్‌సెట్ పెట్టుకుని మాట్లాడుతూనే నిచ్చెన మీద ఓ కన్నేసి ఉంచింది. మధ్యాహ్నం ఒక కాకి వచ్చి పలక మీద వాలింది. దాన్ని కూడా ఎగిరిపోయేదాకా చూసింది. నిచ్చెన ఎవరూ ఎక్కలేదు.

ఆరు కావస్తుండగా మార్కు తువ్వాలు భుజాన వేసుకుని గుడి చుట్టూ తిరిగి వచ్చాడు. తలుపు తాళం తీశాడు. తాడు పట్టుకున్నాడు. ఆ సమయానికి మనీషా చుండూరు నుంచి ఒక పెద్దాయన చెప్పే మందుల పేర్లు రాసుకుంటోంది.

మార్కు తాడు లాగాడు. గంట ఒక పక్కకి ఊగింది. దూలం కదిలింది. దూలం చివర పైపు కదిలింది. పైపు కొస పలక, గాలికి ఆకు ఊగినట్టు, అటూ ఇటూ కొట్టుకుంది.

"హలో... అమ్మా... ముక్కలు ముక్కలుగా..." అన్నాడు చుండూరు పెద్దాయన.

"లైన్లోనే ఉన్నానండి. ఉండండి, పెట్టేయకండి," అంది మనీషా.

దీపం ఎర్రబడి పచ్చబడింది. మళ్లీ ఎర్రబడింది. గంట ఆగింది. దీపం పచ్చబడి నిలిచింది. "ఆఁ, ఇప్పుడు బాగుందమ్మా," అన్నాడు పెద్దాయన. పలక ముఖం పొద్దున ఉన్నచోట లేదు. కొద్దిగా సముద్రం వైపు జరిగింది.

ఏడింటికి మనీషా వినోద్‌కి ఫోను చేసింది. చూసిందంతా చెప్పింది.

"గంట ఆదివారమే కదా అనుకున్నానండి," అన్నాడు. "ఇక దూలం మీద లాభం లేదు. గోడకి విడిగా బిగించాలి. రంధ్రాలు వేయాలి. మీ మాస్టారు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా నేను సోమవారం దాకా రాలేనండి, రేపంతా చీరాల పని."

"రేపొక్కరోజు నిలబడుద్దా?"

"గంట కొట్టకపోతే నిలబడుద్ది. కొడితే మాత్రం చెప్పలేను."

*

ఎబినేజర్ ఇంటికి కమలమ్మ రోజూ వెళుతుంది. మాస్టారి తల్లి రూతమ్మ మంచం పట్టినప్పటి నుంచి సాయంత్రం గంజి తాగించేది ఆమే. ఆ సాయంత్రం మనీషా కూడా వెంట వెళ్లింది. మాస్టారు లోపల ఫ్యాను కింద నోట్సులు దిద్దుతున్నాడు. వాళ్లని చూసి లేచి కుర్చీ జరిపి, మళ్లీ నోట్సుల్లో తల పెట్టాడు.

"ఎవరు, కమలమ్మేనా?" అంది రూతమ్మ మంచం మీద నుంచి. "గంట ఎప్పుడనగా మోగింది, నా గంజి ఏది?"

"తెచ్చా, తెచ్చా. గంటతో పోటీ పడలేను నేను."

"మా వాడి ఫోనులో నీ పేరు కనపడతందంటగా? ఎక్కడున్నా కమలమ్మ కమలమ్మ అనొస్తందంట."

"అది మా ఇంట్లో పెట్టె పేరొదినా."

"బతికుండగానే పెద్దదానివైపోయావు. ఇంకో పెట్టె ఎప్పుడన్నా పెడితే నా పేరు పెట్టించు."

కమలమ్మ నవ్వి, ఆమె తల కింద చెయ్యి పెట్టి లేపి, చెంచాతో గంజి పోసింది. మనీషా మాస్టారి వైపు తిరిగింది.

"మాస్టారూ, పొద్దున బెన్నీ మిమ్మల్ని ఒక మాట అన్నాడు."

"ఒకటి కాదు, రెండు," అన్నాడు ఎబినేజర్.

"మీరు తిప్పలేదండి. గంట తిప్పింది. మార్కు తాత తాడు లాగితే దూలం ఊగుతోంది. దూలంతో పైపు ఊగుతోంది. ఇవాళ నా కళ్లతో చూశాను. బెన్నీ చెరువు మీదున్నాడు, లేకపోతే తననీ తీసుకొచ్చేదాన్ని. మీరు ఏమీ అనుకోవద్దని..."

ఎబినేజర్ ఎర్ర పెన్ను మూత పెట్టాడు. మళ్లీ తీశాడు.

"దూలానికి ఎందుకు బిగించారు?" అన్నాడు.

మనీషా అతని ముందున్న నోట్సుల వైపు చూసింది.

"గోడకి మేకు వద్దన్నాను," అన్నాడు అతనే.

"పాత గోడని మీరన్నదాంట్లో తప్పులేదండి."

"రేపు ఎన్నింటి దాకా నీ డ్యూటీ?"

"ఏడింటి దాకండి. రేపటితో పరీక్ష అయిపోద్ది."

"అయ్యగారితో మాట్లాడతా. రేపొక్కరోజు ఆరు గంట ఏడింటికి కొడితే దేవుడేమీ అనుకోడు," అన్నాడు.

"అయితే రేపు నా గంజి ఏడింటికా?" అంది రూతమ్మ.

*

శనివారం మధ్యాహ్నం రెండింటికి కమలమ్మ వీధి తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. మనీషా ఫోనులో ఉంది. కమలమ్మ తిన్నగా వెళ్లి బీరువా తెరిచింది. మడత విప్పని తెల్ల చీర ఒకటి తీసింది. దాని పైనున్న లేసు గుడ్డ కూడా తీసింది. మనీషా కాల్ ముగించి తల తిప్పింది.

"రూతమ్మ పోయింది," అంది కమలమ్మ. "గంజి కాదు, మంచినీళ్లు అడిగింది. తెచ్చేలోపల పోయింది."

మనీషా హెడ్‌సెట్ మెడ మీదకి దించింది.

"మాస్టారు?"

"స్కూలు నుంచి వచ్చాడు. తల దగ్గర కూర్చున్నాడు. రూతమ్మ కూతురికి ఫోను చేశారు, వస్తంది. భూస్థాపన రేపంట."

కమలమ్మ చీర చంకన పెట్టుకుంది గానీ కదల్లేదు. లూథర్‌పేటలో ఎవరు పోయినా ముందు గంట మోగాలి. ఆగి ఆగి, ఒక్కొక్కటే మోగుతుంది. చెరువుల మీదున్నవాళ్లు, పొలాల్లో ఉన్నవాళ్లు ఆ గంట విని పని వదిలేసి వస్తారు. అది మోగకుండా ఎవరూ శవాన్ని కడగరు.

"మార్కు తాడు దగ్గర నిలబడి ఉన్నాడమ్మాయ్. మాస్టారు ఆగమన్నాడంట," అంది కమలమ్మ.

"ఎందుకు ఆగమన్నాడు?"

కమలమ్మ పెట్టె వైపు చూసింది.

మనీషా లేచింది. కిటికీ దగ్గరికి వెళ్లి మళ్లీ వచ్చి కూర్చుంది. "కొట్టమనండి అత్తయ్యా," అంది.

"లైను సాయంత్రం దాకా నిలబడితే..."

"ఆమె గంట ఆగకూడదు. నేను చెప్పానని చెప్పండి, కొట్టమనండి."

కమలమ్మ వెళ్లింది. మనీషా ఒక్కతే కూర్చుని పచ్చదీపాన్ని చూసింది. సెల్‌ఫోను తీసి జయకృష్ణకి ఏదో టైపు చేయబోయి ఆపింది. అంతలో బల్ల మీద ఫోను మోగింది. హెడ్‌సెట్ సర్దుకుంది.

"నమస్కారమండి. చెప్పండి."

"అమ్మా, మాది కాకుమాను. నా పేరు యలమంద. మా ఆవిడకి కడుపులో నొప్పి, డాక్టరమ్మగారు సోమవారం ఉంటారా?"

"ఉంటారండి. ఆవిడ వయసెంతండి?"

అతను చెబుతుండగా గంట మోగింది. మనీషా పెన్ను ఆగింది. దీపం వైపు చూసింది. పచ్చగా ఉంది. గంట శబ్దం సన్నబడి, పూర్తిగా ఆగాక రెండోది మోగింది. దీపం పచ్చగానే ఉంది.

"ఏంటమ్మా ఆ గంట?" అన్నాడు యలమంద.

"మా ఊళ్లో ఒక పెద్దామె పోయారండి."

"అయ్యో. మీ వాళ్లా?"

"మా వాళ్లేనండి."

"మరి నువ్వెళ్లవా తల్లీ? నేను మళ్లీ చేస్తాలే."

"పర్లేదండి, చెప్పండి. ముందు ఆవిడ పేరు చెప్పండి."

అతను చెప్పాడు. ఆమె రాసుకుంది. సోమవారం పదిన్నరకి టైము ఇచ్చింది. ఏమీ తినకుండా రమ్మంది. మూడో గంట, నాలుగో గంట అతని మాటల మధ్యలోనే మోగాయి. ఒక్క మాట ముక్క కాలేదు. అతను పెట్టేశాక మనీషా లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది.

తాడు కొక్కేనికి చుట్టి ఉంది. మార్కు నిచ్చెన మొదట్లో నిలబడి పైకి చూస్తున్నాడు. పైన గంట గదిలో ఎబినేజర్ మాస్టారు ఉన్నాడు. గంట ఊగడం లేదు. అతను దాని లోపల వేలాడే నాలుకని కుడిచేత్తో పట్టుకుని, లాగి, గంటకి కొడుతున్నాడు. కొట్టి, శబ్దం ఆగేదాకా నాలుకని పట్టుకునే ఉంటున్నాడు. ఎడమచెయ్యి గోడ బయటికి చాచి దూలం చివర పైపు చుట్టూ వేశాడు. పైపుని ఒంటికి అదిమి పట్టుకున్నాడు. చొక్కా భుజం మీద తుప్పు అంటింది.

మళ్లీ ఫోను మోగింది. మనీషా వచ్చి కూర్చుంది. ఈసారి బల్ల దగ్గర నుంచే చూసింది.

చెరువుల వైపు నుంచి మనుషులు రావడం మొదలైంది. బెన్నీ మోకాళ్ల దాకా బురదతో పరిగెత్తుకుంటూ వచ్చాడు. స్తంభం కింద ఆగి మార్కుని ఏదో అడిగాడు. మార్కు పైకి చూపించాడు. బెన్నీ తలెత్తి చూశాడు. తర్వాత చెప్పులు విడిచి నిచ్చెన ఎక్కాడు. బెన్నీ మాస్టారి వెనక నుంచి చెయ్యి చాచి పైపు పట్టుకున్నాడు. అతను పట్టుకున్నాక ఎబినేజర్ తన చెయ్యి తీశాడు. ఆ చేతిని ఒకసారి దులిపి, గంట నాలుకని రెండు చేతులా పట్టుకున్నాడు.

ఏడింటికి జయకృష్ణ ఫోను చేశాడు.

"ఇవాళ ఒక్కటి కూడా తెగలేదమ్మా. ఏం చేశారు లైనుకి?"

"పట్టుకున్నారు సార్," అంది మనీషా.

"ఎవరు? కంపెనీవాళ్లా?"

"మా వాళ్లు సార్. నేను ఒకరింటికి వెళ్లాలి, సోమవారం మాట్లాడతాను."

"సోమవారం డ్యూటీలో కూర్చో. బాపట్ల అమ్మాయికి నేను చెప్పుకుంటాలే."

ఆమె హెడ్‌సెట్ బల్ల మీద పెట్టి, చీర మార్చుకుని ఎబినేజర్ ఇంటికి వెళ్లింది. రూతమ్మని ముందుగదిలో పడుకోబెట్టారు. కమలమ్మ అల్లిన లేసు గుడ్డ ఆమె తల కింద ఉంది. అరుగు మీద జనం కూర్చున్నారు. రంగనాయకులు కూడా వచ్చాడు. ఎవరో కుర్చీ తెచ్చి వేస్తే వద్దని, అరుగు దగ్గర కాసేపు నిలబడి వెళ్లాడు. సాయంత్రం గంట ఆ రోజు ఏడున్నరకి మోగింది.

సోమవారం ఉదయం వినోద్ డ్రిల్లింగ్ మిషను తెచ్చాడు. పైపుని దూలం మీద నుంచి విప్పి, స్తంభం పడమటి గోడకి బిగించాడు. గోడకి నాలుగు రంధ్రాలు వేశాడు. అవి ఎక్కడ వేయాలో ఎబినేజర్ మాస్టారు నిచ్చెన ఎక్కి సుద్దముక్కతో గుర్తులు పెట్టాడు.